కాటుక దురదా, మా పెరటి చేపల పొయ్యీ

ఇది రాస్తున్నప్పుడు కాటుక నా కుర్చీ పక్కన పడుకుని ఉంది. గోక్కోవడం లేదు. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మీ ఇంట్లో కుక్కకి దురద పట్టి, ఏం చేసినా తగ్గక, ఇంట్లోవాళ్ళే "ఎక్కడన్నా వదిలేద్దాం" అంటున్నారంటే ఇది మీరు చదవాలి. మొండికేయండి. ఎలా మొండికేయాలో నేను చెబుతాను.

నా పేరు సుభద్ర. డెబ్భై రెండేళ్ళు. అనకాపల్లిలో మాది బెల్లం వ్యాపారం. మావారు ఉన్నన్నాళ్ళూ కొట్టు లెక్కలు నేనే రాశాను. ఇప్పుడు మా అబ్బాయి ప్రసాదు కంప్యూటర్లో వేస్తాడు, నేను కూడి చూస్తాను, అప్పుడప్పుడు తప్పు పట్టుకుంటాను. కాటుకకి అయిన ఖర్చు కూడా కూడి పెట్టాను. ఎంతో అడగకండి, చెప్పను.

కాటుకని తెచ్చింది ప్రసాదే. అయిదేళ్ళ క్రితం కొట్లో ఖాళీ గోనెల మధ్య దొరికిందని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఊరకుక్క పిల్ల. ముక్కు నుంచి తోక దాకా నలుపు, వెతికినా ఒక్క తెల్ల వెంట్రుక కనబడదు. అందుకే ఆ పేరు పెట్టాను. ఆ నలుపు మూలంగా తర్వాత ఎంత కథ నడుస్తుందో అప్పుడు నాకేం తెలుసు!

నిరుడు జూలైలో మొదలైంది. వానలు పట్టిన వారానికి కాటుక పాదాలు నాకడం మొదలుపెట్టింది. తర్వాత చెవులు. తర్వాత పొట్ట కింద చర్మం ఎర్రబడి, వెంట్రుకలు ఊడి, రసి కారడం. కుక్క గోక్కుంటే ఏముందిలే అనుకుంటాం. వెనక కాలు నేలకి కొట్టుకుంటూ టపటపమని ఆగకుండా వచ్చే ఆ చప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళందరి నరాల మీద పడుతుంది. దేవుడి ముందు కూర్చుంటే అదే చప్పుడు, టీవీ చూస్తుంటే అదే. మా కోడలు సుజాత ఫోన్లో మాట్లాడుతుంటే అవతలివాళ్ళు "మీ ఇంట్లో మేకులు కొడుతున్నారా?" అని అడిగేవారట.

ముందు పసుపూ వేపనూనే రాశాను. నల్ల కుక్క పచ్చబడింది, సోఫా పచ్చబడింది, దురద మాత్రం అలాగే ఉంది. నాకిన పసుపంతా వాంతి చేసుకుంది. మీరు రాయకండి.

సెప్టెంబరులో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ వరస అనేది మన ఇష్టం కాదు. ఈనలేక అవస్థ పడుతున్న గేదె ముందు, కాలు విరిగిన మేక తర్వాత, కోళ్ళ బుట్టతో వచ్చినాయన ఆ తర్వాత. కుక్క చివర. న్యాయమే. గేదె మీద ఒక ఇల్లు బతుకుతుంది. చింతచెట్టు నీడన బెంచీ మీద కూర్చుంటే పక్కన మేక యజమాని అడిగాడు, "ఏటి మామ్మగారూ, దీనికి జబ్బా?"

"దురద."

"దురదకి ఆస్పటలా?" అని నవ్వాడు. తర్వాత కాటుక పొట్ట చూశాడు. నవ్వు ఆపేసి, మేక కోసం తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసి దాని ముందు డొప్పలో పోశాడు. "తాగే తల్లీ" అన్నాడు. ఆయన పేరు అడగలేదు. అడగాల్సింది.

అలర్జీ అని ఇంజెక్షన్ చేశారు. నాలుగు రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గింది. దీపావళి ముందు మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఇంజెక్షన్, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. ప్రతిసారీ తగ్గిన రోజులు తక్కువవుతూ వచ్చాయి. అసలు భయం అప్పుడు పట్టుకుంది నాకు. తగ్గని జబ్బు కన్నా తగ్గి మళ్ళీ వచ్చేది మనిషిని ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది.

ఈలోపల వీధిలో మాట పుట్టింది. "సుభద్రమ్మగారి కుక్కకి గజ్జి." పిల్లల్ని మా అరుగు మీదకి రానివ్వడం మానేశారు. అలర్జీ అంటుకునే జబ్బు కాదని చెప్పాను. ఒకావిడకి చెప్పి, ఆవిడ వినకపోతే ఆవిడ గుమ్మం ముందే కాటుకని ఎత్తుకుని నా చెంపకి ఆనించుకుని నిలబడ్డాను. "చూడండి, నాకొచ్చిందేమో వారం పోయాక వచ్చి చూపిస్తాను" అన్నాను. వారం పోయాక వెళ్ళాను కూడా. తలుపు తియ్యలేదు.

డిసెంబరులో సుజాతకి ఏడో నెల. సీమంతం చేసి ఎలమంచిలిలో పుట్టింటికి పంపాం. కారెక్కే ముందు ఆ పిల్ల వంగలేక వంగి కాటుక తల నిమిరింది. ఆ సాయంత్రమే ప్రసాదు నా ఎదురుగా కూర్చున్నాడు. కొడుకు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడంటే మంచి మాట కాదని నాకు తెలుసు.

"అమ్మా, మూడో నెల్లో బిడ్డని తెచ్చుకుంటాం కదా. అప్పటికి ఇది తగ్గాలి."

"తగ్గకపోతే?"

"కశింకోట దగ్గర మనకి బెల్లం తెచ్చే అప్పారావు లేడూ, వాళ్ళ చెరుకు తోటకి కాపలా కుక్క కావాలన్నాడు."

"గొలుసేసి కడతాడా?"

చొక్కాలో పెట్టుకుని తెచ్చినవాడు నేల చూస్తున్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. తొలి బిడ్డ తండ్రి, ఎవరేం చెప్పినా భయపడతాడు. కానీ "సరే" అని మాత్రం అనలేదు. "మూడో నెల అన్నావు కదా, అప్పటిదాకా నోరెత్తకు" అన్నాను.

జనవరి నెలాఖరులో విశాఖపట్నం తీసుకెళ్ళాను. కార్లో నేనూ, కాటుకా, డ్రైవరూ. అక్కడ కుక్కల ఆసుపత్రిలో ఏసీ, సోఫాలు, గోడకి కుక్కల ఫోటోలు. కూర్చున్నవన్నీ జాతి కుక్కలు. రిజిస్టరు రాసే అమ్మాయి "ఏ బ్రీడ్ మేడమ్?" అంది. "అనకాపల్లి" అన్నాను. అలాగే రాసుకుంది.

పక్క సోఫాలో ఒకమ్మాయి ఒళ్ళో పెద్ద లాబ్రడార్ తల. దానికి కూడా చెవుల వెనక వెంట్రుకలు లేవు. నా వైపు చూసి, "దురదేనా ఆంటీ?" అంది.

"దురదే."

"మాకిది నాలుగో ఏడు."

నాలుగేళ్ళు! నా మొహం చూసి కాబోలు వెంటనే అంది, "కానీ బాగానే ఉంటాడు ఆంటీ. ఏడాదికి రెండుసార్లు రేగుతుంది. మేం కూడా అలవాటు పడిపోయాం. మొదటి ఏడు ఏడిచాను, ఇప్పుడు తిట్టుకుంటాను. అంతే తేడా."

ఆ రోజు ఆసుపత్రిలో నాకు దొరికిన మందుల్లో అది మొదటిది.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, మాట సూటిగా ఉంది. "అలర్జీ పూర్తిగా పోదమ్మా. దేనివల్లో పట్టుకుంటే అదుపులో ఉంటుంది. ఇంట్లో ఏం పెడతారు?"

"పెరుగన్నం, చపాతీ, బిస్కెట్లు. షాపులో దొరికే డబ్బా మేత."

"డబ్బాలో చికెన్ ఉంటుంది. ఇది ఇప్పటిదాకా తినని మాంసం ఏదన్నా ఉందా?"

"మా ఇంట్లో నీచు వండం డాక్టరుగారూ. అన్నీ తిననివే."

ఆవిడ నవ్వింది. "అయితే చేప, చిలగడదుంప. ఎనిమిది వారాలు ఆ రెండే. ఇంకేదీ ముట్టకూడదు. ఒక్క బిస్కెట్ ముక్క తిన్నా మళ్ళీ మొదటికి రావాలి. పెట్టగలరా?"

ఆవిడ ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకు తెలుసు. మా ఇళ్ళలో ఉల్లిపాయ తరిగిన కత్తిపీట కూడా పూజ రోజున పక్కన పెడతాం. నేను పుట్టిన ఇంట్లోగానీ, మెట్టిన ఇంట్లోగానీ చేప గడప దాటింది లేదు.

"పెడతాను" అన్నాను.

చేపలమ్మే నర్సమ్మ రోజూ పొద్దున్న మా వెనక సందు దాటి పక్క పేటకి వెళుతుంది. మా వీధిలోకి రాదు, వస్తే తలుపులు వేసుకుంటారు. మర్నాడు సందు మొగలో నిలబడి ఆమెని పిలిచాను. నెత్తి మీద సిల్వర్ బేసిన్‌తో ఆగి, నన్ను కింద నుంచి పైకి చూసింది.

"దారి తప్పేరా ఏటి మామ్మగారూ? ఇయి సేపలండీ."

"తెలుసు. ముల్లు తక్కువుండేది ఏది?"

"వంజరం. ఎవులికి?"

"కుక్కకి."

నర్సమ్మ బేసిన్ దించింది. "కుక్కకి వంజరమా! మా అల్లుడొచ్చినపుడే నాను వంజరం వొండనేదు!"

"మీ అల్లుడికి దురద ఉందా?"

"సొమ్ము దురదుంది" అని పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి మేమిద్దరం స్నేహితులం. ముక్కలు ఎంత మందాన కోయాలో, ఎంతసేపు ఉడికించాలో, ఉడికాక వేళ్ళతో ముల్లు ఎలా తడిమి తీయాలో సందులో నిలబడే చెప్పింది. నేను మాత్రం చుట్టుపక్కల చూసుకుంటూ, పేపర్లో చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, పైన కొత్తిమీర కట్ట కప్పుకుని వెనక తలుపులోంచి వచ్చేదాన్ని.

పెరట్లో చాకిరేవు బండ పక్కన మూడు ఇటుకలతో పొయ్యి. వేరే గిన్నె, వేరే గరిటె. వండాక అక్కడే తలస్నానం, తడిబట్టతో ఇంట్లోకి. మొదటి రోజు మొహం పక్కకి తిప్పుకుని గరిటె తిప్పాను. రెండో రోజు ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. వారం తిరిగేసరికి గుడ్డ మర్చిపోయాను.

పెరడు మాదొక్కళ్ళదే కాదు. మావారి అక్క రత్నం వదిన వెనక వాటాలో ఉంటుంది, కొడుకు రమేష్‌తో. వాసన తగలగానే వదిన గుమ్మంలోకి వచ్చింది.

"ఏటే సుభద్రా ఈ కంపు? మా అమ్మ బతికుంటే ఏటనేది?"

"గిన్నె వేరే పెట్టమనేది వదినా. వేరేదే పెట్టేను."

"రేపు తమ్ముడి తద్దినానికి ఎవరైనా ఈ ఇంట్లో భోజనానికి కూర్చుంటారా?"

"వచ్చేది జూన్‌లో కదా. కూర్చోనివాళ్ళ విస్తరి తీసేద్దాం. పప్పు మిగులుతుంది."

వదిన నాతో మాటలు మానేసింది. ప్రసాదు కూడా మూడు రోజులు పెరట్లోకి రాలేదు. నేను వండుతూనే ఉన్నాను.

కాటుకకి తేడా కనబడింది. పాదాల ఎరుపు విరిగింది, టపటప తగ్గింది. కానీ ఒక వింత. వారమంతా బాగుండేది, ఆదివారం మధ్యాహ్నానికి పొట్ట మళ్ళీ ఎర్రగా కందేది. బుధవారానికి సర్దుకునేది. మళ్ళీ ఆదివారం. శనివారం పూట కడిగే ఫినాయిల్ అనుకుని మానేశాను. సాంబ్రాణి అనుకుని అదీ మానేశాను. చేపని అనుమానించి నర్సమ్మతో పోట్లాడాను. "నా సేప నిన్న సముద్రంలో ఉన్నాదండీ!" అని ఆమె బేసిన్ ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను.

ఫిబ్రవరిలో సుజాతకి ఆడపిల్ల పుట్టింది. సంతోషంతో పాటు నాకు గడువు కూడా గుర్తుకొచ్చింది.

ఆ నెల ఆఖరి శనివారం పొద్దున్నే ఎప్పటిలాగే వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరాను. వీధి చివర మోకాలు పట్టేసి, సగం దారిలో వెనక్కి తిరిగాను. వెనక సందులోంచి వచ్చి పెరటి తలుపు తీశాను.

కాటుక బండ మీద అమ్మవారిలా కూర్చుని ఉంది. ముందు రత్నం వదిన, చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో నువ్వులనూనె రాసిన గోధుమ రొట్టెలు. కాటుక నుదుటన కుంకుమ బొట్టు, మూతికి రొట్టె పొడి. వదిన వెనక వరసలో ఇంకో ఇద్దరు. ఒకావిడ పక్క వీధి దర్జీ భార్య. ఇంకొకాయన హెల్మెట్ కూడా తియ్యకుండా టిఫిన్ డబ్బాతో నిలబడ్డాడు, ఎవరో నాకు తెలియదు.

"తొందరగా కానీయండమ్మా, డ్యూటీకి టైమైపోతంది" అంటున్నాడు.

శనివారం నల్ల కుక్కకి రొట్టె పెడితే శని బాధ తగ్గుతుందని మనవాళ్ళ నమ్మకం. ఒక్క తెల్ల వెంట్రుక కూడా ఉండకూడదు. అలాంటి కుక్క దొరకడం కష్టం. మా పెరట్లో దొరికింది. నేను గుడికి వెళ్ళే వేళ చూసుకుని మా వదిన దాన్ని ఊరికి దేవుణ్ణి చేసింది.

నేను అరవలేదు. ముందు హెల్మెట్ ఆయన డబ్బా మూత పెట్టి చేతికిచ్చాను. "బాబూ, నీ శని నువ్వు చూసుకో. నా కుక్క జోలికి రాకు." దర్జీ భార్య నేను చెప్పకముందే సందులో ఉంది. మిగిలింది వదిన.

"ఎన్నాళ్ళ బట్టి వదినా?"

"తొమ్మిది శనివారాలు మొక్కుకున్నాను. ఇది అయిదోది." గొంతు గట్టిగానే ఉంది. "రమేష్‌ని పరవాడ కంపెనీలో తీసేసి ఎన్నాళ్ళయిందో నీకు తెల్సా? నలభై నాలుగేళ్ళ మొగోడు పగలంతా మంచం మీద గోడకి తిరిగి పడుకుంటే చూడ్డం ఎలాగుంటాదో తెల్సా? సిద్ధాంతిగారు చెప్పేరు, చేస్తన్నాను. ఏం, నీకు కుక్క ఎక్కువా, నా కొడుకెక్కువా?"

అది అడగకూడని ప్రశ్న. రమేష్ నా చేతుల్లో పెరిగినవాడు. రోజూ ఆ వాటా కిటికీ మూసి ఉండడం చూస్తూనే ఉన్నాను. కాటుకని ఒడిలోకి తీసుకుని వెల్లకిలా పడుకోబెట్టాను. పోయిన ఆదివారం పుండ్లు పొట్ట కింద ఇంకా చెక్కు కట్టే ఉన్నాయి.

"ఇక్కడ చూడు వదినా. ప్రతి ఆదివారం ఇది మళ్ళీ పుండవుతుంది. నీ రొట్టె తిన్న మర్నాడు. గోధుమ దీనికి పడదు. తెలిసి పెట్టేవని అనను. ఇప్పుడు తెలిసింది కదా. దీన్ని ఇలా ఏడిపించి అడిగితే శనీశ్వరుడు రమేష్‌కి ఉద్యోగం ఇస్తాడా?"

వదిన చూసింది. పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాటుక నుదుటి బొట్టు నేను తుడిచాను.

ఎనిమిది వారాలు మళ్ళీ ఒకటి నుంచి. వేళ్ళ మీద లెక్కేస్తే సరిగ్గా సుజాత బిడ్డతో వచ్చే వారానికి పూర్తవుతాయి. ఒక్క రోజు కూడా మిగులు లేదు.

తర్వాతి శనివారం గుడికి వెళ్ళలేదు. స్వామికి ఇంట్లోంచే దణ్ణం పెట్టి, పెరటి గుమ్మంలో స్టూలు వేసుకుని చేతికర్రతో కూర్చున్నాను. వదిన వచ్చింది, పళ్ళెం మీద మూతతో. కర్ర అడ్డం పెట్టాను.

"తీసి చూడవే ముందు" అంది.

మూత తీశాను. ఉడకబెట్టిన చిలగడదుంప, తొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి. పైన నువ్వులనూనె మెరుస్తోంది.

"నూనె వద్దు వదినా."

"నూనె కూడానా!"

"డాక్టరమ్మ రెండే చెప్పింది. దుంప, చేప. చేప పెడతానంటే గిన్నె ఇస్తాను."

"ఛీ!" అని ముక్కు మూసుకుంది. అని, కొళాయి దగ్గర కూర్చుని ఒక్కో ముక్కా కడిగింది. కాటుక ఆ ముక్కలు ఆవిడ చేతిలోంచి తీసుకుంటుంటే వదిన కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. నేను స్టూలు పక్కకి జరుపుకున్నాను. మిగిలిన శనివారాలు అలాగే జరిగాయి. ఆవిడ మొక్కు ఆవిడ తీర్చుకుంది.

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య జాతరకి ఊరంతా జనం. ఎవరింటికి ఎవరొచ్చినా కుక్కకి ఏదో ఒకటి విసురుతారు. కాటుక మెడలో అట్టముక్క కట్టాను: "నాకేమీ పెట్టకండి." చదువు రానివాళ్ళకి నేనే నోటితో చెప్పాను. అట్ట చూసి నవ్వినవాళ్ళు చాలామంది. నవ్వనీ.

ఏప్రిల్ ఆఖరులో, సుజాత రేపు వస్తుందనగా, కశింకోట అప్పారావు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. చేతిలో గొలుసు. ప్రసాదు చెప్పి ఉంచిన రోజుకే వచ్చాడు, ఆయన తప్పేం లేదు. ప్రసాదు గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. నేను కాటుకని పిలిచాను. వచ్చి మా మధ్య కూర్చుంది.

"అప్పారావూ, దీనికి రోజూ ముల్లు తీసిన చేప ఉడికించి పెట్టాలి. పెడతావా?"

"కుక్కకి వొండడమేటమ్మా! తోటలో ఏది దొరికితే అది తింటాది."

"అయితే కాఫీ తాగి వెళ్ళు."

"అమ్మా..." అన్నాడు ప్రసాదు.

"నువ్విటు రా. కూర్చో. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు." వాడు కదల్లేదు. "పెట్టు."

ఎన్ని నెలలయిందో వాడు దాన్ని ముట్టుకుని. వంగి, భయంభయంగా చెయ్యి పెట్టాడు. కొత్తగా వచ్చిన వెంట్రుకలు, పట్టులా, నల్లగా. కాటుక వెల్లకిలా తిరిగి నాలుగు కాళ్ళూ పైకెత్తింది. వాడి చెయ్యి అక్కడే ఉండిపోయింది. అంతలో వెనక నుంచి రత్నం వదిన గొంతు:

"గొలుసు తీసుకెళ్ళు అప్పారావూ. మా కుక్క ఎక్కడికీ రాదు."

మా కుక్క, అంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆవిడ మళ్ళీ మాట మార్చేస్తుంది.

డాక్టరమ్మ ఫోన్లో, "నిర్ధారణ కోసం ఒకసారి గోధుమ పెట్టి చూద్దామా?" అంది. "ఆ పరీక్ష మా వదిన అయిదు శనివారాలు చేసేసింది" అన్నాను.

ఇప్పుడు మళ్ళీ జూలై. వానలకి కాటుక చెవులు కాస్త ఎర్రబడ్డాయి. గోధుమ ఒక్కటే కాదు, ఈ తేమలో ఇంకేదో కూడా పడదట. పాదాలు రోజూ తుడుస్తున్నాను, మందు వేస్తున్నాను. ఇది పోయే జబ్బు కాదు. నాకు తెలుసు, అందుకని పడుకుని ఏడవను. లాబ్రడార్ అమ్మాయి చెప్పినట్టు తిట్టుకుంటాను, లేచి పొయ్యి వెలిగిస్తాను. రమేష్‌కి ఇంకా ఉద్యోగం రాలేదు. కానీ సాయంత్రాలు కాటుకని నడకకి తీసుకెళుతున్నాడు. కిటికీ తెరిచి ఉంటోంది. జూన్‌లో మావారి తద్దినానికి ఇద్దరు భోజనానికి రాలేదు. ముందే చెప్పాను కదా, పప్పు మిగిలింది.

నిన్న పొద్దున్న సందు మొగలో నర్సమ్మ దగ్గర వంజరం తీసుకుని, అలవాటుగా కొత్తిమీర కప్పబోయి ఆగాను. నేనేం దొంగతనం చేశానని?

"నర్సమ్మా, రేపటి నుంచి సందులోకి రాకు. మా వీధిలోకి రా. ముందు గుమ్మం దగ్గర ఆగి పిలువు."

"మీ ఈదిలోకా! తలుపులేసుకుంతారండి మామ్మగారూ."

"మా తలుపు తెరిచే ఉంటుంది."

ఇవాళ వచ్చింది. వీధి నడిబొడ్డున బేసిన్ దించి, ఏ ఇంటికి వినబడకూడదో ఆ ఇంటికి కూడా వినబడేలా కేకేసింది.

"కాటుకమ్మా! సేపలొచ్చేయి!"

అటూ ఇటూ కిటికీలు మూసుకున్న చప్పుళ్ళు. కాటుక నాకన్నా ముందు పరిగెత్తింది. లోపల్నుంచి వదిన, ఒక చేత్తో పసిదాన్ని ఎత్తుకుని, రెండో చేత్తో ముక్కు మూసుకుని అరిచింది, "సుభద్రా, గిన్నె తీసుకెళ్ళు! ఆవిడెంతసేపు నిలబడతాది?"

గిన్నె తీసుకుని, ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాను.